పొగ లేని వంటిల్లు

నూతన కల్పనలను గూర్చి ప్రసంగింపవలెననగానే మన మనస్సు చంద్రమండలమునకు పోవు వాహనముల మీదికో, అరచేతిలో ఇమిడి లోకమంతటిని చూపు యంత్రముల మీదికో పోవును. అవి గొప్పవి కావని మేము అనము. కాని శ్రోతలను అంత దూరము తీసికొనిపోవుట నేటి మా ఉద్దేశము కాదు. మన యింటిలోనే, పెరటి వైపున, ఇంటికి వచ్చిన చుట్టములకు కూడ మనము చూపని ఒక గది యున్నది. అది వంటిల్లు. అక్కడి పొయ్యి, ఆ పొయ్యి నుండి వెలువడు పొగ, ఈ రెండే మా ప్రసంగమునకు విషయము.

ప్రొద్దు గుంకువేళ ఊరికి కొంత దూరమున, చెరువుగట్టు మీద నిలిచి చూచినచో, పెంకుల సందుల నుండియు తాటాకు చూరుల నుండియు నీలిపొగ మెల్లగా లేచుట కన్నులకు ఇంపుగా నుండును. పొలము నుండి మరలివచ్చు రైతునకు ఆ పొగ ఒక పిలుపు వంటిది. ఇంట ఎసరు పెట్టినారని, మరి కొంత సేపటికి వేడి అన్నము వడ్డింతురని దాని అర్థము. కాని అదే పొగను లోపల కూర్చుండి చూచినవారి అనుభవము వేరు. వానకు చెమ్మగిల్లిన కట్టె రాజుకొనదు. ఊదుగొట్టము పట్టుకొని వంగి ఊది ఊది ఇల్లాలికి రొప్పు వచ్చును. కన్నులు మండును. చెంగుతో తుడుచుకొనుచునే కూర కలియబెట్టవలెను. చంకలోనో, ప్రక్కన చాప మీదనో పసిబిడ్డ యుండును. పొద్దున ఒక పూట, సాయంకాలము ఒక పూట, ఏడాదికి మూడు వందల అరువది యైదు దినములు ఇదే వరుస. ఇంటి వాసములకు పట్టిన మసిని సంక్రాంతికి ముందు దులుపుకొందుము. ఊపిరితిత్తులకు పట్టిన మసిని దులుపు పండుగ ఏదియు లేదు.

ఇంతకు పొగ అనగా నేమి? కట్టె కాలగా మిగిలినది పొగ యని సాధారణముగా అనుకొందుము. నిజమునకు కాలకుండ తప్పించుకొనిపోయినదే పొగ. కట్టె వేడెక్కినప్పుడు మొదట దానిలోని నీరు ఆవిరియై పోవును. పిమ్మట కట్టెలోని పదార్థము విడివడి, మండు స్వభావముగల వాయువులుగా వెలువడును. మనము చూచు మంట ముఖ్యముగా ఆ వాయువులు మండుటయే. అవి పూర్తిగా మండుటకు చాలినంత గాలి, చాలినంత వేడి, ఆ రెండును కలిసి పనిచేయుటకు కొంత వ్యవధి కావలెను. మూడు రాళ్ల పొయ్యిలో ఈ మూడును కుదురుట కష్టము. నలువైపుల నుండి చల్లగాలి వచ్చి మంటను చెదరగొట్టును. పచ్చికట్టెలోని నీరు వేడిని తినివేయును. మంట పూర్తి కాకముందే చల్లని పాత్ర అడుగునకు తగిలి ఆరిపోవును. అప్పుడు మండవలసిన వాయువు మండకయే పొగయై పోవును. కావున పొగ పోవుచున్నదనగా మన కట్టెలలోని సత్తువ కూడ పోవుచున్నదన్నమాట. ఆరోగ్యమునకు ఎంత నష్టమో, కట్టెల మోపునకు కూడ అంత నష్టము.

ఆ పొగలో కంటికి కనబడని కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు ఉన్నది. దానితో పాటు అతి సూక్ష్మమైన మసి రేణువులు ఉన్నవి. మిల్లీమీటరులో వెయ్యవ వంతును మైక్రాను అందురు. మన తల వెంట్రుక మందము సుమారు 70 మైక్రాన్లు. ఈ రేణువులలో చాలవరకు రెండున్నర మైక్రాన్లకు లోపలివి. అంత చిన్న రేణువును ముక్కు ఆపలేదు, దగ్గు వెళ్లగొట్టలేదు. అది శ్వాసకోశముల అట్టడుగునకు పోయి నిలిచిపోవును. న్యుమోనియా, ఊపిరితిత్తుల దీర్ఘవ్యాధులు, గుండెజబ్బు, పక్షవాతము, కంటి శుక్లములు మొదలగువానికి ఈ పొగతో గల సంబంధమును వైద్యులు గుర్తించియున్నారు. ఇండ్లలోని వంటపొగ వలన 2020వ సంవత్సరములో ప్రపంచమందు సుమారు 32 లక్షల మంది మరణించిరని, వారిలో ఐదేండ్లలోపు పిల్లలు 2,37,000 మందికి పైగా ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసినది. పట్టణములలోని మోటారుల పొగను గూర్చి మనము ఎంతో మాటలాడుదుము. వంటింటి పొగను గూర్చి మాటలాడువారు తక్కువ. దానిని పీల్చువారు వీథిలోనికి వచ్చి ఫిర్యాదు చేయలేదు గదా!

ఈ పొగను మొదట కొలిచి చూపినవారిలో కర్క్ స్మిత్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ముఖ్యుడు. ఆయన మన దేశపు శాస్త్రజ్ఞులతో కలిసి గుజరాతు పల్లెలలో, వంట చేయుచున్న స్త్రీల ఒంటి మీదనే కొలత పరికరములను అమర్చి, వారు పీల్చు గాలిని పరీక్షించి, ఫలితములను 1983లో ప్రకటించెను. మన తెలుగు పల్లెలలో కూడ ఇట్టి పరిశోధన జరిగినది. కల్పనా బాలకృష్ణన్ మొదలగు పరిశోధకులు ఆనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మూడు జిల్లాలలో నాలుగు వందలకు పైగా ఇండ్లను పరీక్షించిరి. 2004లో వెలువడిన ఆ ఫలితముల ప్రకారము, గ్యాసుతో వండు ఇండ్లలో ఒక ఘనమీటరు గాలికి శ్వాసలో చొరబడు ధూళి దినమునకు సగటున 73 మైక్రోగ్రాములు ఉండగా, కట్టెలు, పిడకలు వంటివి కాల్చు ఇండ్లలో ఆ సగటు 732 వరకు పోయినది. రెండున్నర మైక్రాన్లకు లోపలి ధూళి దినమునకు సగటున 15 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినది. రెండు కొలతలు సరిగా ఒకటి కాకపోయినను, వాని నడుమ దూరమెంతయో దీనివలన తెలియగలదు. ఇందు ఇంకొక సంగతి కూడ గమనింపదగియున్నది. గ్యాసు ఇండ్లలో సైతము గాలి నిర్మలముగా లేదు. పొగకు గోడలు అడ్డము కావు. పొరుగింటి పొయ్యి పొగ మన యింటిలోనికి వచ్చును, మన పొగ వారింటికి పోవును. ఇది ఒక ఇల్లాలి బాధగా మొదలై ఊరందరి గాలిగా పరిణమించును.

ఈ బాధను మన దేశములో ఎవరును గుర్తింపలేదనుట న్యాయము కాదు. స్వాతంత్ర్యము వచ్చిన 1947 ప్రాంతముననే వార్ధాలోని మగన్‌వాడిలో గ్రామ పరిశ్రమల సేవకులు మగన్ చూలా అను పొయ్యిని రూపొందించిరి. కొలది యేండ్లకు మన హైదరాబాదు నగరములోనే ఇంకొక ప్రయత్నము జరిగెను. అక్కడి ఇంజనీరింగు పరిశోధనాలయమునకు డైరెక్టరుగా నుండిన ఎస్.పి. రాజుగారు పొగగొట్టము గల ఒక పొయ్యిని నిర్మించిరి. పరిశోధనాలయపు ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరములను బట్టి దానికి హెర్ల్ చూలా అని పేరు వచ్చినది. లక్షలాది గృహములకు పొగలేని వంటిల్లు అను అర్థమిచ్చు పేరుతో ఆయన 1953లో ఒక చిన్న ఇంగ్లీషు పుస్తకమును కూడ వెలువరించిరి. పెద్ద చదువులు చదివిన ఇంజనీరు వంటింటి పొయ్యి ముందు కూర్చుండి యోచించుట ఆనాడు కొందరికి వింతగా తోచియుండవచ్చును. కాని ఆయన చూపు సరియైనది. గృహిణికి పొగ నుండి, మసి నుండి, సెగ నుండి, ఇంధనపు వృథా నుండి, అగ్నిప్రమాదము నుండి, ఈ ఐదింటి నుండి విముక్తి కలుగవలెనని ఆయన ఆశయము. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన క్రొత్తలో వంటింటికి గూడ స్వాతంత్ర్యము కావలెనని ఆయన తలచిరి.

అట్టి పొయ్యి పనిచేయు విధము మిక్కిలి సులభము. దానిని మట్టితోనే కట్టవచ్చును. మంట పెట్టునది ఒకచోట. పాత్రలు పెట్టునవి రెండు మూడు చోట్లు. మొదటి కంటిమీద అన్నము ఉడుకుచుండగా, మిగిలిన సెగ లోపలి దారి వెంట పోయి రెండవ కంటిమీది పప్పును ఉడికించును. తరువాతి కంటిమీద నీళ్లు కాగును. తుదకు పొగ గొట్టము గుండ కప్పు మీదికి పోవును. వేడిగాలి తేలికయై గొట్టములో పైకి లేచినప్పుడు, దాని చోటును నింపుటకు పొయ్యి నోటి నుండి క్రొత్తగాలి లోనికి వచ్చును. కావున ఊదుగొట్టముతో పని తగ్గును. విన్నవారికెల్లరకు ఇది మేలైనదని తోచును. మరి ఇంత మేలైన పొయ్యి ప్రతి యింటిలోను ఏల నిలువలేదు? మా ప్రసంగమునకు కీలకమైన ప్రశ్న ఇదియే.

దీనికి జవాబును మేము పుస్తకములలో కంటె ముందు మా యింటిలోనే చూచితిమి. మా చిన్ననాట మా యూరికి ఒక సంస్థవారు వచ్చి, మా యింట పొగగొట్టపు పొయ్యిని ఉచితముగా కట్టిపోయిరి. కట్టినవారు మంచివారే. పని కూడ శుభ్రముగనే చేసిరి. మొదటి నెల దినములు మా యింట అందరికి సంతోషము. వంటింటిలో గోడ తెల్లగా కనబడినదని మా అమ్మ మురిసిపోయినది. కాని మా నాయనమ్మ మూడవ దినముననే ఒక మాట అన్నది: "పొయ్యి బాగానే ఉంది నాయనా, దీని నోట్లో నా కట్టె పట్టదే! పట్టేట్టు చీల్చాలంటే గొడ్డలి పట్టేవాడెవడు?" మా యింట కాల్చునవి అడ్డదిడ్డముగా నుండు తుమ్మకొమ్మలు, కందికట్టె, పత్తికట్టె. పొయ్యి నోరు సన్నని పుల్లలకు తగినట్లు చేయబడినది. పండుగ నాడు పెద్ద గుండిగ ఆ కంటిమీద కుదురుగా కూర్చుండలేదు. జొన్నరొట్టె కాల్చుటకు మంట ఒకేచోట విరివిగా రావలెను. అక్కడ సెగ మూడు పాళ్లుగా పోవుచుండెను. రెండవ వానకాలమునకు గొట్టము మసితో పూడిపోయినది. దానిని దులుపవలెనని ఎవరును చెప్పియుండలేదు, దులుపుటకు పరికరమును ఇచ్చియుండలేదు. పొగ గొట్టమున పోక గదిలోనికే మరలివచ్చినది. ఒకనాటి సాయంకాలము నాయనమ్మ పెరటిలో మూడు రాళ్లు పేర్చి పాత పద్ధతిలో ఎసరు పెట్టినది. క్రొత్త పొయ్యి గట్టు మీద పచ్చడి జాడీలు వచ్చి చేరినవి. పొయ్యి కట్టునప్పుడు మా నాన్నను సంతకమడిగిరి. మా నాయనమ్మను మాత్రము ఏమియు అడుగలేదు.

మా యింట జరిగినదే దేశమంతట పెద్ద యెత్తున జరిగినది. 1980 దశకపు నడుమ భాగమున కేంద్ర ప్రభుత్వము మెరుగుపరచిన పొయ్యిలకై ఒక జాతీయ కార్యక్రమమును ప్రారంభించి, మూడు కోట్లకు పైగా పొయ్యిలను పంచినది. ఆ కార్యక్రమము 2002లో ముగిసినది. పంచిన పొయ్యిలలో అనేకము కొలది కాలమునకే మూలబడినవి. ఎన్ని పొయ్యిలు కట్టితిమన్న లెక్కయే ప్రధానమైనది. కట్టిన మూడేండ్లకు ఎన్ని వెలుగుచున్నవన్న లెక్కకు అంత ప్రాధాన్యము రాలేదు.

ఒడిశాలో జరిగిన ఒక పరిశోధన ఈ సంగతిని మరింత స్పష్టముగా చూపినది. రెమా హన్నా, ఎస్థర్ డుఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ అను ఆర్థిక శాస్త్రజ్ఞులు అక్కడి 44 గ్రామములలో సుమారు రెండువేల ఆరువందల గృహములను నాలుగేండ్ల వరకు పరిశీలించి, తమ ఫలితములను 2016లో పత్రికాముఖమున ప్రకటించిరి. పొగగొట్టపు మట్టిపొయ్యి వచ్చిన మొదటి యేట వంట చేయువారు పీల్చు పొగ తగ్గినది. తరువాతి యేండ్లలో ఆ మేలు కనబడకుండ పోయినది. ఆరోగ్యమునందు గాని, కట్టెల వాడుకయందు గాని నిలుకడయైన లాభము తేలలేదు. కారణము పొయ్యిలోని శాస్త్రము తప్పగుట కాదు. గృహస్థులు దానిని క్రమముగా వాడలేదు, బాగుచేయించుకొనలేదు, కాలక్రమమున విడిచిపెట్టిరి. పరిశోధనాలయములో నీళ్లు కాచి చేయు పరీక్ష ఒకటి, పదేండ్ల పాటు పది మందికి వండు పరీక్ష మరియొకటి.

అట్లని పొగగొట్టపు పొయ్యి పనికిరానిదని తీర్పు చెప్పుట తొందరపాటగును. మధ్య అమెరికాలోని గ్వాటిమాలా దేశపు కొండప్రాంతములలో కర్క్ స్మిత్, ఆయన సహచరులు 534 గృహములలో మరియొక పరిశోధన చేసిరి. అక్కడివారు మన రొట్టెల వంటి మొక్కజొన్న రొట్టెలను తిందురు. వారికి ఇచ్చిన పొయ్యికి పైన వెడల్పైన ఇనుప పెనము, వెనుక పొగగొట్టము ఉన్నవి. వారి రొట్టెకు తగిన పొయ్యి అది. పైగా పరిశోధకుల తరఫువారు తరచుగా ఇండ్లకు పోయి పొయ్యిలను చూచి, చెడినచో బాగుచేయించుచుండిరి. 2011లో ప్రకటితమైన ఫలితముల ప్రకారము అన్ని తరగతుల న్యుమోనియా స్పష్టముగా తగ్గినదని చెప్పుటకు వీలు లేకున్నను, పసిబిడ్డలలో మిక్కిలి తీవ్రమైన న్యుమోనియా సుమారు మూడవ వంతు తగ్గినది. చీనాదేశము కూడ 1982 నుండి పదేండ్ల కాలములో ఇంచుమించు 13 కోట్ల మెరుగైన పొయ్యిలను గ్రామములలో నెలకొల్పినది. అక్కడ ఖర్చులో హెచ్చు భాగమును గృహస్థులే భరించిరి. ఆయా జిల్లాలలో పనివారికి తర్ఫీదు ఇచ్చి, పొయ్యికి కీలకమైన భాగములను కార్ఖానాలలో సరియైన కొలతలతో చేయించిరి. ఒడిశాలోను, గ్వాటిమాలాలోను, చీనాలోను మంట మండు సూత్రము ఒక్కటియే. ఎవరి వంటకు ఆ పొయ్యి కట్టబడినది, చెడినప్పుడు ఎవరు వచ్చి చూచిరి అనుచోటనే తేడా వచ్చినది.

దీనినిబట్టి మాకు తోచినదేమనగా, ఏ నూతన కల్పనయైనను దానిని కనిపెట్టినవాని చేతిలో సగమే పూర్తియగును. తక్కిన సగమును దానిని దినదినము వాడుకొను వ్యక్తి పూర్తిచేయవలెను. ఆ వ్యక్తిని ముందుగా అడుగకపోయినచో కల్పన సగములోనే నిలిచిపోవును.

గ్యాసు విషయములో కూడ ఈ మాట నిజమే. 1955లో బొంబాయిలో మొదలైన వంటగ్యాసు చాలకాలము పట్టణపు ఇండ్లకే పరిమితమై యుండెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకము మహిళా సంఘముల ద్వారా పేద గృహములకు గ్యాసు కనెక్షనులను అందించినది. 2016 మే 1వ తేదీన కేంద్ర ప్రభుత్వము ఉత్తరప్రదేశ్‌లోని బలియాలో ఉజ్జ్వల యోజనను ప్రారంభింపగా, 2019 సెప్టెంబరు నాటికి ఎనిమిది కోట్ల కనెక్షనులు పూర్తియైనవి. ఇది సామాన్యమైన కార్యము కాదు. వంటింటి పొగను ఒక్క త్రిప్పుతో ఆర్పివేయు సాధనము కోట్ల యిండ్లకు చేరినది. ఐనను పెక్కు పల్లెలలో గ్యాసు పొయ్యి ప్రక్కనే, లేదా పెరటిలో, కట్టెల పొయ్యి కూడ వెలుగుచునే యున్నది. ఉజ్జ్వల గృహములలో ఏడాదికి సగటున వాడిన సిలిండరులు 2023-24లో సైతము నాలుగుకు లోపే. నలుగురైదుగురున్న ఇంటి వంట అంతయు నాలుగు సిలిండరులతో సాగదని మన గృహిణులకు వేరుగా చెప్పనక్కరలేదు. తక్కిన వంట దేనితో జరుగుచున్నదో ఊహింపవచ్చును.

దీనికి వారిని తప్పుపట్టుట తగదు. పొలములోని పత్తికట్టె పైసా ఖర్చు లేకుండ వచ్చును. సిలిండరుకు ఒక్కసారిగా రొక్కము చెల్లింపవలెను. కూలి దొరికిన వారమున చేతిలో డబ్బు ఉండును, దొరకని వారమున ఉండదు. పదిమందికి స్నానమునకు వేడినీళ్లు కాచుట, పశువులకు కుడితి కాచుట గ్యాసు మీద పెట్టుకొనువారు అరుదు. ఇంటిలో డబ్బు వెచ్చించువారు ఒకరు, పొగ పీల్చువారు ఇంకొకరు అగునప్పుడు సిలిండరు తెప్పించుట రేపటికి, ఎల్లుండికి వాయిదా పడుచుండును. ఇది పొయ్యికి సంబంధించిన చిక్కు కాదు, ఇంటి పెద్దల ఆలోచనకు సంబంధించినది. ఇంటిలో ఒక్క పొయ్యి పొగ లేనిదైనంత మాత్రమున చాలదు. పొగపొయ్యి ఆరిననే గాని రొమ్ములు తేలికపడవు.

ఇక మన చేతిలో నున్న పనులను కొన్నింటిని మనవి చేయుదుము. వీనికి పెద్ద ఖర్చు లేదు.

కట్టెలు వాడక తప్పని యింట ఎండిన కట్టెనే వాడవలెను. వేసవిలోనే కట్టెను సన్నగా చీల్చి, తడి తగులని చోట, గాలి ఆడునట్లు పేర్చుకొనినచో వానకాలపు పొగ చాలవరకు తగ్గును. పచ్చికట్టె కాల్చుటయనగా, కట్టెలోని నీటిని కాచుటకు కట్టెనే ఖర్చుచేయుట.

పాత్ర మీద మూత ఉంచవలెను. పప్పును, శనగలను ముందుగా నానబెట్టవలెను. ఎసరు తెర్లిన పిమ్మట మంట తగ్గింపవలెను. నీరు మరుగుట మొదలైన తరువాత ఎంత మంట పెట్టినను అది మరింత వేడెక్కదు, ఊరక ఆవిరియై పోవుచుండును. వంట వేగముగా అగుచున్నదని మనము భ్రమపడుదుము.

మరియొక చిన్న ఉపాయము కలదు. వెడల్పైన వెదురుబుట్టలో ఎండుగడ్డిని దట్టముగా కూరి, నడుమ పాత్ర పట్టునంత గుంట చేయవలెను. పప్పుగాని అన్నముగాని కొంతసేపు బాగుగా ఉడికిన పిదప, మూత తీయకుండ పాత్రను దించి ఆ గుంటలో పెట్టి, పైన గడ్డి నింపిన దిండును కప్పవలెను. లోపలి వేడి బయటికి పోవు దారి లేక, వంట తనంత తానే పూర్తియగును. బుట్టను నిప్పునకు దూరముగా ఉంచవలెను. పాత్ర అడుగున నిప్పురవ్వలు అంటియుండరాదు. అట్లు వండినదానిని వేడిగా ఉన్నప్పుడే భుజింపవలెను గాని రాత్రిదానిని తెల్లవారువరకు బుట్టలో ఉంచరాదు.

పొయ్యి ఉన్న గదికి గాలి ఒక ప్రక్క నుండి వచ్చి మరియొక ప్రక్క నుండి పోవు దారి ఉండవలెను. మంట వెలుగుచున్నంతసేపు పసిపిల్లలను అక్కడ నుంచరాదు. చలికాలమున తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించుట ప్రాణాంతకము. బొగ్గుకు పొగ కనబడదు గాని, ముందు చెప్పిన విషవాయువు దాని నుండి పుష్కలముగా వెలువడును.

పొగగొట్టము గలవారు నెలకొకసారియైనను మసి దులుపవలెను. గొట్టము కప్పు దాటి పైకి పోవలెను. తాటాకునకు, గడ్డికి అది తగులకుండ జాగ్రత్తపడవలెను. గ్యాసు గలవారు స్నానపు నీళ్లకై కట్టెలపొయ్యిని విడువలేకున్నచో, మన పల్లెలలో పూర్వము నుండి చేయుచున్నట్లు నీళ్లబిందెలను ఉదయము నుండి ఎండలో ఉంచి చూడవచ్చును. మధ్యాహ్నమునకు గోరువెచ్చనైన నీటికి కట్టె ఎంతో తక్కువ పట్టును. స్థోమత గలవారు సూర్యరశ్మితో నీళ్లు కాచు పరికరమును పెట్టించుకొనవచ్చును. పశువులున్న యింట గోబరుగ్యాసు మంచి సాధనము. 1950 దశకములోనే జష్‌భాయి పటేల్ గారు తేలియాడు ఇనుప డోలు గల గోబరుగ్యాసు యంత్రమును మన పల్లెలకు తగునట్లు రూపొందించిరి. పేడ నుండి గ్యాసు తీసికొనిన తరువాత కూడ ఎరువు మనకు మిగులును. అయితే దానికి దినము పేడ కలిపి పోయువారు, నీరు మోయువారు కావలెను. ఆ పని ఎవరి నెత్తిన పడునో ముందుగనే ఇంటిల్లిపాది కూర్చుండి తేల్చుకొనుట మంచిది. లేకున్నచో అది కూడ మా యింటి పచ్చడి జాడీల గట్టు వలెనే మిగిలిపోవును.

మగవారగు శ్రోతలకు ఒక్క మనవి. ఇంటికి ఏ క్రొత్త వస్తువును తెచ్చుటకు ముందైనను, దానిని వాడబోవువారిని సలహా అడుగుడు. వారేమి వండుదురో, ఏ పాత్రలో వండుదురో, దేనికి కష్టపడుచున్నారో వారికి తెలిసినంతగా ఏ శాస్త్రజ్ఞునికిని తెలియదు. పొయ్యి కట్టు సంస్థలవారికి కూడ మా మనవి ఇదియే. మొదటి దినము కొలతలు తీయునప్పుడు ఆ యింటి పెద్దమ్మను పిలిచి పొయ్యి దగ్గర కూర్చుండబెట్టి అడుగుడు. ఏడాది గడచిన తరువాత ఒకసారి మరల వచ్చి, పొయ్యి వెలుగుచున్నదా యని చూడుడు. మా నాయనమ్మ వంటివారు ఆనాడే రెండు మాటలలో చెప్పియుందురు: నోరు ఇంత వెడల్పు కావలెను, గుండిగకు ఇంత చోటు కావలెను అని. ఆ రెండు మాటలు వినియున్నచో ఆ పొయ్యి నేటికిని వెలుగుచుండెడిదేమో.

రేపు ఉదయము పొయ్యి వెలిగించినప్పుడు మీరొకసారి వంటింటిలోనికి పోయి, పది నిమిషములు అక్కడనే కూర్చుండి చూడుడు. కన్నులు మండినచో కిటికీ తెరువుడు, కట్టె ఎండినదో లేదో చూడుడు, సిలిండరు ఎన్నినాళ్ల నుండి ఖాళీగా ఉన్నదో విచారింపుడు. తక్కినది ఏమి చేయవలెనో అక్కడ వంట చేయుచున్నవారే మీకు చెప్పగలరు. సెలవు.